శాక్రిఫైస్ పొజిషన్లను ఇంజిన్‌తో పరీక్షించడం ఎలా: బోర్డు పెట్టడం నుంచి తీర్పు చెప్పడం దాకా

నెల్లూరు, కావలి, ఒంగోలు వైపు నుంచి చెస్ నేర్చుకునే పిల్లల తల్లిదండ్రులు, స్కూల్లో ఆట నేర్పే మాస్టార్లు పదేపదే ఒకటే అడుగుతున్నారు. "పజిల్‌లో క్వీన్ ఇచ్చెయ్యమని ఉంది. ఇంజిన్ పెడితే ముందు మైనస్ చూపించింది, కాసేపటికి ప్లస్ అయింది. ఇంకో ఫోన్‌లో అసలు ఆ ఎత్తే రాలేదు. ఏది నమ్మాలి?"

ఇంజిన్, అంటే చెస్ ఎత్తుల్ని లెక్కగట్టే ప్రోగ్రామ్, ఎవరిది పైచేయో ప్లస్, మైనస్ అంకెతో చెబుతుంది. తెర మీద మొదట కనబడిన అంకె తీర్పు కాదు. ఇంజిన్ ఎన్ని పొజిషన్లు చూసి ఆ అంకె చెప్పింది, ఏ ఎత్తుల్ని చూడకుండా వదిలేసింది, శాక్రిఫైస్‌ను (కావాలని పావు ఇచ్చేసే ఎత్తును) మనమే బోర్డు మీద ఆడి చూపిస్తే మాట మార్చిందా అన్నవి తెలిస్తేనే ఆ అంకెను నమ్మాలో వద్దో తేలుతుంది. కింద చెప్పిన వరసలో చేస్తే ఏ పొజిషన్‌కైనా నమ్మదగ్గ సమాధానం వస్తుంది. ఉదాహరణలు స్టాక్‌ఫిష్‌వి. అది ఉచితం, కంప్యూటర్‌లో పనిచేస్తుంది, ఆండ్రాయిడ్ ఫోన్‌లో డ్రాయిడ్‌ఫిష్ యాప్ ద్వారా కూడా వాడుకోవచ్చు. లీలా అనే మరో ఇంజిన్ గురించి విడిగా 7వ భాగంలో ఉంది.

1. ఇంజిన్‌కు శాక్రిఫైస్ ఎందుకు ఆలస్యంగా కనబడుతుంది

ఈ భాగం వదిలేసి సెట్టింగులకు వెళ్లిపోకండి. కారణం తెలియకపోతే వచ్చిన ఫలితాన్ని చదవలేరు.

స్టాక్‌ఫిష్ అన్ని ఎత్తుల్నీ ఒకే శ్రద్ధతో చూడదు. సంతలో ఎద్దుల్ని కొనబోయినవాడు ముందు నాలుగింటిని పళ్లు పట్టి చూసి, చివర కట్టేసినవాటిని దూరం నుంచే ఒక చూపు చూసి వదిలేసినట్టు, అది కూడా ఎత్తుల్ని ముందు వరస కడుతుంది. లాభం వచ్చే కాప్చర్లు (ఎదుటి పావును తీసుకునే ఎత్తులు) ముందు ఉంటాయి. ఒక గడిలో వరసగా జరిగే కాప్చర్లన్నీ లెక్కేస్తే నష్టమే అనిపించే ఎత్తులు వెనక్కి పోతాయి. రూక్ ఇచ్చి బంటు తీసుకోవడం లాంటివన్నీ ఈ వెనక బెంచీలోనే ఉంటాయి. వెనక ఉన్న ఎత్తుల్ని తక్కువ లోతులో, అంటే కొద్ది ఎత్తుల ముందుకు మాత్రమే చూస్తుంది. ఆ కాస్త చూపులో లాభం కనబడకపోతే వదిలేస్తుంది.

రెండో కారణం ఎదుటి పక్షం వైపు నుంచి వస్తుంది. మనం పావు ఇచ్చేశాక ఎదుటివాళ్ల దగ్గర పావులు ఎక్కువ. అప్పుడు ఇంజిన్, "ఇతను ఈ ఎత్తు ఆడకుండా ఊరుకున్నా బాగానే ఉన్నాడుగా" అని లెక్కేసి ఆ కొమ్మను కత్తిరిస్తుంది. మామూలు ఆటలో ఈ కత్తిరింపు వల్ల ఇంజిన్ చాలా బలపడుతుంది. శాక్రిఫైస్ పొజిషన్లో మాత్రం కత్తిరించిన కొమ్మలోనే గెలుపు ఉండవచ్చు.

మూడోది, వెతుకులాట చివరి అంచు. అనుకున్న లోతుకు చేరాక ఇంజిన్ అక్కడికక్కడే ఆగి మార్కులెయ్యదు. మిగిలిన కాప్చర్ల లాంటి గొడవ సద్దుమణిగేదాకా కొంచెం ముందుకు చూస్తుంది. కానీ అక్కడ నిశ్శబ్దమైన ఎత్తుల్ని చూడదు. అందుకే పావు ఇచ్చి వెంటనే చెక్, చెక్, మేట్ అయితే చిటికెలో దొరుకుతుంది. పావు ఇచ్చి, ఆ తర్వాత చెక్ లేని, కాప్చర్ లేని ఒక చిన్న ఎత్తు ఆడాల్సి ఉంటే చాలా ఆలస్యమవుతుంది. పరీక్షకు పొజిషన్లు ఎంచుకునేటప్పుడు ఈ తేడా గుర్తుపెట్టుకోండి.

2020లో వచ్చిన స్టాక్‌ఫిష్ 12 నుంచి మార్కులేసే పని న్యూరల్ నెట్‌వర్క్‌కు అప్పగించారు. దాంతో కింగ్ చిక్కుల్లో ఉందన్న సంగతి పావుల లెక్క తేలకముందే అంకెలో కనబడుతోంది. కత్తిరింపులు మాత్రం ఇప్పటికీ ఉన్నాయి.

2. సిద్ధం చేసుకోవాల్సినవి

మొదలుపెట్టేముందు ఇవన్నీ సరిచూసుకోండి:

- ఇంజిన్ వెర్షన్ నంబరు రాసుకున్నారా? రెండు వెర్షన్ల ఫలితాల్ని కలిపేస్తే ఏదీ తేలదు.
- థ్రెడ్లు, అంటే ఇంజిన్ ఒకేసారి ఎన్ని దారుల్లో వెతకాలన్నది: పరీక్షకు ఒక్కటే పెట్టండి.
- హ్యాష్ మెమరీ, అంటే ఇంజిన్ చూసినవాటిని గుర్తుపెట్టుకునే చోటు: 512 లేదా 1024 ఎంబీ. ఏది పెట్టినా చివరిదాకా అదే ఉంచండి.
- మల్టీపీవీ, అంటే ఒకేసారి ఎన్ని లైన్లు (ఎత్తుల వరసలు) చూపించాలన్నది: మొదటి దశలో 1.
- క్లౌడ్ విశ్లేషణ ఆపేయండి.
- నోటుపుస్తకమో, ఎక్సెల్ షీటో ఒకటి.

థ్రెడ్ ఒక్కటే ఎందుకంటే, రెండు అంతకన్నా ఎక్కువ పెడితే అదే పొజిషన్ మీద అదే ఇంజిన్ ఒక్కోసారి ఒక్కో దారిలో వెతుకుతుంది. ఉదయం మూడు సెకన్లలో దొరికిన ఎత్తు సాయంత్రం నిమిషానికి గానీ రాకపోవచ్చు. ఒక థ్రెడ్, ఖాళీ హ్యాష్, లెక్కపెట్టిన నోడ్లు ఉంటే ఎన్నిసార్లు నడిపినా ఒకటే ఫలితం వస్తుంది.

కొలతకు గడియారాన్ని కాకుండా నోడ్లనే వాడండి. నోడ్ అంటే ఇంజిన్ చూసిన ఒక పొజిషన్. మే నెలలో మన నెల్లూరు, ఒంగోలు ఎండల్లో ఏసీ లేని గదిలో ల్యాప్‌టాప్ వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది. పది నిమిషాలు ఆడిన ఫోన్ కూడా అంతే. కరెంటు పోయి బ్యాటరీ మీద నడిచేటప్పుడు వేగం ఇంకా పడిపోతుంది. "30 సెకన్లలో దొరికింది" అన్న మాట ఇంటింటికీ మారుతుంది. "కోటి నోడ్లలోపు దొరికింది" అన్నది అదే వెర్షన్, అవే సెట్టింగులు ఉన్నంతవరకు మారదు.

కంప్యూటర్‌లో స్టాక్‌ఫిష్‌ను నేరుగా తెరిస్తే నల్ల కమాండ్ విండో వస్తుంది. అందులో 'గో నోడ్స్' అని ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో కొట్టి పక్కన సంఖ్య ఇస్తే అన్ని నోడ్లకు ఆగిపోతుంది. పొజిషన్ మారినప్పుడల్లా 'యూసీఐ న్యూ గేమ్' అన్న మూడు మాటల్ని ఖాళీ లేకుండా కలిపి కొడితే పాత హ్యాష్ తుడిచిపెట్టుకుపోతుంది. కమాండ్లంటే టెన్షన్ పడేవాళ్లు అరీనా లాంటి ఉచిత ప్రోగ్రామ్‌లో పొజిషన్ల ఫైలు మొత్తాన్ని ఒకేసారి నడిపించుకోవచ్చు.

3. పొజిషన్ సరైనదేనా?

ఇంజిన్ తప్పు చేసిందని మనకు వచ్చే ఫిర్యాదుల్లో చాలావాటికి కారణం పొజిషనే. ఫోటో చూసి బోర్డు పేర్చేటప్పుడు ఒక బంటు పక్క గడిలో పడితే చాలు, మొత్తం లెక్క మారిపోతుంది.

సరిచూసుకోవాల్సినవి:

- ఎత్తు ఎవరిది? ఎక్కువమంది ఇక్కడే పొరబడతారు.
- క్యాజ్లింగ్ (కింగ్, రూక్ ఒకే ఎత్తులో జరగడం) హక్కులు ఉన్నాయా? కింగ్, రూక్ తమ గడుల్లోనే ఉన్నా, హక్కు పోయి ఉండవచ్చు.
- ఆంపాసాం (రెండు గడులు దూకి పక్కకు వచ్చిన బంటును బంటుతో తీసుకోవడం) అవకాశం ఉందా?
- రెండు పక్షాల పావుల్నీ విడివిడిగా లెక్కపెట్టారా?

ఇంకొకటి, దీన్ని చాలామంది పట్టించుకోరు. రెండో సమాధానం లేదు కదా? శాక్రిఫైస్ చేస్తే +6, మామూలుగా ఆడినా +5 వస్తుంటే ఆ పొజిషన్ పరీక్షకు పనికిరాదు. ఇంజిన్ మామూలు ఎత్తును ఎంచుకోవడం ఆ పొజిషన్లో తప్పే కాదు. మల్టీపీవీ 3 పెట్టి ఒకసారి నడపండి. మొదటి ఎత్తుకూ రెండోదానికీ మధ్య గెలుపు, డ్రా అన్నంత తేడా ఉంటేనే దాన్ని ఉంచుకోండి.

4. మొదలుపెట్టడానికి మూడు పొజిషన్లు

ఈ మూడూ ఒక్కోటి ఒక్కో రకం. ఇదే వరసలో చేయండి.

*తేలికది.* 1956, న్యూయార్క్. డొనాల్డ్ బర్న్ మీద 13 ఏళ్ల బాబీ ఫిషర్ నల్లపావులతో ఆడిన ఆట. తెల్లవి: కింగ్ ఎఫ్1, క్వీన్ ఎ3, రూక్‌లు డి1, హెచ్1, బిషప్‌లు సి4, సి5, నైట్ ఎఫ్3, బంట్లు ఎ2, డి4, ఎఫ్2, జి2, హెచ్2. నల్లవి: కింగ్ జి8, క్వీన్ బి6, రూక్‌లు ఎ8, ఇ8, బిషప్‌లు జి7, జి4, నైట్ సి3, బంట్లు ఎ7, బి7, సి6, ఎఫ్7, జి6, హెచ్7. ఎత్తు నల్లవాళ్లది. సమాధానం బిషప్ ఇ6. క్వీన్‌ను వదిలేస్తుంది. తర్వాత వచ్చేవన్నీ చెక్‌లు, కాప్చర్లు కాబట్టి ఇవాళ్టి ఇంజిన్ వెంటనే చూపిస్తుంది. దీన్ని సెట్టింగులు సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవడానికే వాడండి. ఇక్కడే తడబడితే బోర్డు తప్పు పేర్చారన్నమాట.

*కష్టమైనది.* 1998, స్పెయిన్‌లోని లినారెస్. తోపలోవ్ మీద షిరోవ్ నల్లపావులతో ఆడిన ఆట. తెల్లవి: కింగ్ జి1, బిషప్ సి3, బంట్లు జి2, హెచ్4. నల్లవి: కింగ్ ఇ6, బిషప్ ఎఫ్5, బంట్లు ఎ4, డి5, ఎఫ్6, జి6. ఎత్తు నల్లవాళ్లది. సమాధానం బిషప్ హెచ్3. జి2 బంటుకు బిషప్‌ను అప్పగించేయడమే. చెక్ లేదు, కాప్చర్ లేదు, వెంటనే తిరిగి వచ్చేదీ లేదు. ఆ బిషప్ ఎఫ్5 గడిని ఖాళీ చేస్తూనే జి2 మీద దెబ్బ చూపిస్తుంది. ఆ ఒక్క టెంపోతో (కలిసొచ్చిన ఎత్తుతో) నల్ల కింగ్ ఎఫ్5 మీదుగా ఇ4 చేరుతుంది, తెల్ల కింగ్ ఇ3కి అందుకోలేకపోతుంది. ఆ తర్వాత దూరదూరంగా ఉన్న ఎ, డి బంట్లను తెల్ల బిషప్ ఒక్కటే ఆపలేదు. లాభం చాలా ఎత్తుల తర్వాత గానీ కనబడదు. 1వ భాగంలో చెప్పిన కారణాలన్నీ ఈ పది పావుల బోర్డు మీద ఒకేచోట కనబడతాయి.

*మెలిక ఉన్నది.* 1999 జనవరిలో నెదర్లాండ్స్‌లోని వైక్ ఆన్ జేలో కాస్పరోవ్ తెల్లపావులతో తోపలోవ్ మీద ఆడిన ఆట, తెల్లవాళ్ల 24వ ఎత్తు: రూక్‌తో డి4 తీసుకోవడం. ఆట ఏ ఆన్‌లైన్ డేటాబేస్‌లోనైనా దొరుకుతుంది. దీని గురించి 6వ భాగంలో చూద్దాం.

5. పరీక్ష వరస

దశ 1. హ్యాష్ తుడిచి, 10 లక్షల నోడ్లు ఇవ్వండి. ఇంజిన్ ఏ ఎత్తు ఎంచుకుంది, అంకె ఎంత అన్నది రాసుకోండి.

దశ 2. మళ్లీ తుడిచి కోటి నోడ్లు. ఆ తర్వాత మళ్లీ తుడిచి 10 కోట్లు. ప్రతిసారీ తుడవడం మర్చిపోవద్దు.

దశ 3. శాక్రిఫైస్ మొదట ఏ లోతులో పైకి వచ్చింది, వచ్చాక చివరిదాకా నిలిచిందా అన్నది చూడండి. లోతు 18లో వచ్చి, 20లో పోయి, 27లో మళ్లీ వచ్చి నిలిస్తే, దొరికిన లోతు 27. మొదటిసారి మెరిసినదాన్ని లెక్కలోకి తీసుకోవద్దు.

దశ 4. బలవంతపు పరీక్ష. ఇంజిన్ ఎంచుకోకపోయినా సరే, 'గో సెర్చ్‌మూవ్స్' కమాండ్‌తో శాక్రిఫైస్ ఒక్కదాన్నే చూడమనండి. అదే నోడ్లు ఇవ్వండి. వచ్చిన అంకెను దశ 2 అంకె పక్కన రాయండి. ఫోన్‌లో చేసేవాళ్లు ఎత్తు ఆడేసి ఎదుటివాళ్ల వైపు నుంచి అంకె చూసినా సరిపోతుంది. యాప్‌ను బట్టి ప్లస్, మైనస్ ఎవరి వైపు నుంచి చూపిస్తోందో మాత్రం ముందే తెలుసుకోండి.

దశ 5. సమాధానం లైన్లో ఒక్కో ఎత్తూ ఆడుతూ ప్రతి ఎత్తు దగ్గరా అంకె రాసుకోండి. ఏ ఎత్తు దగ్గర అంకె ఒక్కసారిగా లేచిందో దాని చుట్టూ గీత గీయండి. ఇంజిన్‌కు అప్పటిదాకా కనబడని ఎత్తు అదే. సాధారణంగా అది నిశ్శబ్దమైన ఎత్తు అయి ఉంటుంది.

దశ 6. ఇప్పుడు లైన్ చివరి నుంచి వెనక్కి రండి, హ్యాష్ తుడవకుండా. చాలాసార్లు మొదటి పొజిషన్‌కు చేరేసరికి ఇంజిన్ శాక్రిఫైస్‌ను ఒప్పుకుంటుంది, ఎందుకంటే ముందు చూసినదంతా హ్యాష్‌లో గుర్తుంది. నిజం తేల్చుకోవడానికి ఇది చాలా మంచి పద్ధతి. అయితే దీన్ని "ఇంజిన్ తనంతట తాను కనిపెట్టింది" అని రాయకూడదు. దశ 2 ఫలితం ఒక గడిలో, దశ 6 ఫలితం మరో గడిలో ఉండాలి.

ఇప్పుడు రాసుకున్నవి చూస్తే నాలుగింటిలో ఏదో ఒకటి తేలుతుంది.

ఇంజిన్ ఎంచుకోలేదు, కానీ బలవంతపు పరీక్షలో మంచి అంకె ఇచ్చింది: ఎత్తు విలువ దానికి తెలుసు, వెతికే వరసలోనే వెనకబడింది. నోడ్లు పెంచితే దొరుకుతుంది.

బలవంతంగా చూపినా మైనస్, రెండు మూడు ఎత్తులు ఆడాక ప్లస్: గెలుపు దాని చూపుకు అవతల ఉంది. షిరోవ్ ఎత్తు పాతకాలం ఇంజిన్లకు అందకపోవడానికి కారణం ఇదే.

చివరిదాకా ఆడినా మైనస్: ఇక్కడ ఇంజిన్ మాట వినండి. శాక్రిఫైస్ తప్పు, లేదా సమాధానం తప్పు అచ్చయింది. పాత పుస్తకాల్లో, కంప్యూటర్లు రాకముందు కూర్చిన పజిళ్లలో ఇలాంటివి ఉంటాయి.

మొదటి నుంచీ ఎంచుకుంది, అంకె మాత్రం చప్పగా ఉంది: జాగ్రత్త. వేరే కారణంతో ఆ ఎత్తు ఎంచుకుని ఉండవచ్చు. అది చూపించే లైన్లో మీ సమాధానంలోని రెండో, మూడో ఎత్తులు ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే దొరికినట్టు లెక్క కాదు.

6. ఎదుటివాళ్లు పావు తీసుకోకపోతే?

పిల్లలకు నేర్పేవాళ్లు ఎక్కువ సమయం పెట్టాల్సిన చోటు ఇదే. శాక్రిఫైస్ బాగుందా అన్న ప్రశ్నకు సమాధానం తీసుకున్న లైన్లో కాదు, తీసుకోని లైన్లో ఉంటుంది.

కాస్పరోవ్ ఆటే చూడండి. తోపలోవ్ సి బంటుతో ఆ రూక్‌ను తీసుకున్నాడు. వెంటనే ఇ7కు రెండో రూక్ చెక్‌తో వచ్చింది, అక్కడి నుంచి నల్ల కింగ్ బోర్డంతా దాటి తెల్లవాళ్ల వైపుకు పరుగెత్తాల్సి వచ్చింది. కానీ 24వ ఎత్తుగా కింగ్ బి6కు జరిగి ఉంటే నల్లవాళ్లు నిలబడేవాళ్లు. ఇంజిన్ కూడా అక్కడ తెల్లవాళ్లకు గెలుపు చూపించదు. అంటే ఈ పొజిషన్‌ను "తెల్లవాళ్లు ఆడి గెలవాలి" అని ఇచ్చి, ఇంజిన్ పెద్ద ప్లస్ చూపించలేదని దాన్ని తప్పుపట్టడం అన్యాయం.

చేయాల్సింది ఇదీ. శాక్రిఫైస్ ఆడాక ఎదుటివాళ్ల వైపు మల్టీపీవీ 4 పెట్టి కనీసం కోటి నోడ్లు ఇవ్వండి. తర్వాత ఇలా విడదీయండి:

- నాలుగు సమాధానాలూ ఓడిపోతున్నాయి: శాక్రిఫైస్ పూర్తిగా సరైనది.
- ఒక్కటే నిలబడుతోంది, మిగతావి ఓడిపోతున్నాయి: లెక్కకు డ్రా, ఆటలో మాత్రం భయంకరమైన ఆయుధం. నిలబడే ఆ ఒక్క ఎత్తు మనిషికి తట్టడం ఎంత కష్టమో మాస్టారు చెప్పాలి, అంకె చెప్పలేదు.
- రెండు మూడు తేలికగా నిలబడుతున్నాయి: ఆడొద్దు.

రెండో రకాన్ని 0.00 (ఎవరికీ మొగ్గు లేదన్న అంకె) చూసి కొట్టిపారేయడం నాకు ఎంత మాత్రం ఇష్టం లేదు. గడియారంలో ఐదు నిమిషాలు మిగిలిన ఎదుటి ఆటగాడి ముందు ఒకే ఒక్క సరైన ఎత్తు ఉన్న పొజిషన్ పెట్టడం ఆటలో గొప్ప నైపుణ్యం. పిల్లలకు అది కూడా నేర్పాలి, దాని అసలు విలువ దాచకుండా నేర్పాలి. అలాగే ఓడిపోయే పొజిషన్లో పావు ఇచ్చి వరస చెక్‌లతో డ్రా చేసుకునే శాక్రిఫైస్‌కు 0.00 అన్నదే పూర్తి మార్కు.

అంకె గురించి ఒక మాట. 2022 డిసెంబరులో వచ్చిన స్టాక్‌ఫిష్ 15.1 నుంచి +1.00 అంటే ఒక బంటు లాభం అని కాదు. ఆ ఇంజిన్ తనతో తాను ఆడుకుంటే గెలిచే అవకాశం 50 శాతం అని. పాత వెర్షన్ +1.00నూ కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టి పోల్చకండి. గెలుపు, డ్రా, ఓటమి అవకాశాల్ని వెయ్యికి ఇంత అని విడివిడిగా చూపించే ఆప్షన్ కూడా ఉంది. శాక్రిఫైస్ పొజిషన్లకు అది ఆన్ చేసుకుంటే డ్రా వైపు మొగ్గు ఎంతో నేరుగా కనబడుతుంది.

7. లీలాతో చేసేటప్పుడు

లీలా చెస్ జీరో వెతికే తీరు వేరు. దాని నెట్‌వర్క్ పొజిషన్ చూడగానే ప్రతి ఎత్తుకూ ముందుగా ఒక శాతం ఇస్తుంది. శాతం ఎక్కువున్న ఎత్తుల్ని ఎక్కువసార్లు తరచి చూస్తుంది. వింత శాక్రిఫైస్‌కు ముందే ఒక శాతమో అంతకన్నా తక్కువో పడితే చాలాసేపు దాని వైపు పోదు. ఒకసారి పోయి మంచి విలువ కనబడితే మాత్రం ఊపందుకుంటుంది.

కాబట్టి అంకె ఒక్కటే కాకుండా ఆ ఎత్తుకు ముందు ఎంత శాతం పడింది, ఎన్నిసార్లు చూసింది అన్న రెండూ రాసుకోండి. లీలా నోడ్లనూ స్టాక్‌ఫిష్ నోడ్లనూ పోల్చవద్దు, అవి ఒకే కొలత కాదు. మంచి గ్రాఫిక్స్ కార్డు లేని కంప్యూటర్‌లో లీలాతో ఈ పరీక్షకు కూర్చోవడం అనవసరం.

8. తరచూ జరిగే తప్పులు, సవరణలు

*"వెబ్‌సైట్‌లో పెట్టగానే లోతు 50 చూపించింది, నా ల్యాప్‌టాప్‌లో రావట్లేదు."* మీరు చూసింది ఎవరో ముందే చేయించి దాచిన క్లౌడ్ ఫలితం. పేరున్న ఆటల పొజిషన్లకు ఇది మామూలే. క్లౌడ్ ఆపి మళ్లీ చేయండి.

*"మల్టీపీవీ 5 పెడితే ఆలస్యంగా దొరుకుతోంది."* ఐదు ఎత్తుల్నీ పూర్తిగా తూచాలి కాబట్టి ఒక్కోదానికి దక్కే శ్రమ తగ్గుతుంది. అయితే మొదటి ఎత్తు కాని శాక్రిఫైస్‌ను అది బలవంతంగా చూస్తుంది కాబట్టి ఒక్కోసారి ముందే దొరకవచ్చు కూడా. ఏదైనా సరే, మల్టీపీవీ 1 ఫలితాలతో కలపవద్దు.

*"లోతు 30 వచ్చింది, ఇంకేం కావాలి?"* లోతు 30 అంటే అన్ని లైన్లనూ 30 ఎత్తుల దాకా చూసిందని కాదు. వెనక వరస ఎత్తుల్ని అందులో సగం లోతుకు కూడా చూసి ఉండకపోవచ్చు. అందుకే దశ 4 తప్పనిసరి.

*"ఒక్క పొజిషన్లో ఓడింది, ఈ ఇంజిన్ వద్దు."* ఇంజిన్లను తయారుచేసేవాళ్లు ఆటలు గెలవడానికే వాటిని చెక్కుతారు. పజిల్ పొజిషన్లలో వెనకబడ్డ ఇంజిన్ పోటీ ఆటల్లో ముందుండవచ్చు. రెండు ఇంజిన్లను పోల్చాలంటే ఒకే రకం పొజిషన్లు కనీసం పాతికైనా తీసుకుని, చెక్‌లతో సాగేవి ఒక గుంపుగా, నిశ్శబ్దపు ఎత్తు ఉన్నవి మరో గుంపుగా లెక్క వేయండి. రెండింటినీ కలిపిన సగటు దేన్నీ చెప్పదు.

*"పిల్లవాడు ఇంజిన్ చూపిన ఎత్తు బట్టీ పట్టేస్తున్నాడు."* వరస తిరగెయ్యండి. ముందు పిల్లవాడి చేత కాగితం మీద లైన్ రాయించండి, ఎదుటివాళ్లు తీసుకోకపోతే ఏం ఆడాలో కూడా రాయించండి. తర్వాతే ఇంజిన్ తెరిచి, దశ 5లో గీత గీసిన ఎత్తు అతని కాగితం మీద ఉందో లేదో ఇద్దరూ కలిసి చూడండి.

ప్రతి పొజిషన్‌కూ ఒక వరస చొప్పున షీట్‌లో ఈ గడులు చాలు: పొజిషన్ పేరు, ఇంజిన్ వెర్షన్, 10 లక్షలు, కోటి, 10 కోట్ల దగ్గర ఎంచుకున్న ఎత్తు, అంకె, నిలిచిన లోతు, బలవంతపు పరీక్ష అంకె, అంకె లేచిన ఎత్తు, వెనక్కి వచ్చాక అంకె, తీసుకోకపోతే నిలబడే ఎత్తుల సంఖ్య. ఇంజిన్ కొత్త వెర్షన్ వచ్చినప్పుడు పాత వరసలు చెరపకుండా కింద కొత్త వరస వేసి, మొదట నిశ్శబ్దపు ఎత్తున్న గుంపునే మళ్లీ నడపండి.